చెవికమ్మ తడిమిన బొమ్మ

హిందూపురంలో రైలు గేటు దాటాక ఎడమపక్క సందులో మూడో ఇల్లు ఝాన్సీది. ముందుగదిలో ఒక గోడవారగా రిపేరుకొచ్చిన కుట్టుమిషన్లు వరసగా ఉంటాయి. ఇంకో గోడవారగా తలలు పెట్టని బొమ్మలు ఉంటాయి. మధ్యలో బల్లమీద పాత ల్యాప్‌టాప్, దాని పక్కన రంగుల సీసాలు, గ్రీజు డబ్బా. మిషన్లు తెచ్చిన ఆడవాళ్లు బొమ్మల్ని చూసి, ఇవెవరు చేస్తారని అడుగుతారు. బొమ్మల కోసం వచ్చిన అంగళ్లవాళ్లు మిషన్లను చూసి, ఇవెవరు బాగుచేస్తారని అడుగుతారు. రెండింటికీ ఆమె ‘నేనే’ అంటుంది. ఆ మాట అన్న ప్రతిసారీ, రెండిట్లో ఏదో ఒకటి అబద్ధమేమోనని ఆమెకే అనుమానం వస్తుంది.

ఆమె పుట్టింది పెనుకొండ పక్కన ఒక పల్లెలో. నాయన ఏసుదాసు పెనుకొండ బస్టాండు దగ్గర చిన్న అంగట్లో బోరు మోటర్లకు వైండింగు కట్టేవాడు. బడి లేని రోజుల్లో ఝాన్సీ ఆయన పక్కన కూర్చుని రాగితీగ చుట్లు లెక్కపెట్టేది. లెక్క తప్పితే మోటరు కాలిపోతుంది కాబట్టి ఆయన ఆమె లెక్కనే నమ్మేవాడు. చుట్ల మధ్య ఖాళీ దొరికితే ఆ పిల్ల పాత రసీదుల వెనకాల బొమ్మలు గీసేది. మోటరు తెచ్చిన రైతు ముఖం గీసి, కింద ఆ మోటరు హార్స్‌పవర్ రాసేది. మనిషిని మరిచిపోయినా, ఏ మోటరు ఎవరిదో ఏసుదాసుకు ఆ కాగితాల వల్లే తెలిసేది.

పదమూడో ఏట క్రిస్మస్‌కు చర్చిలో పశువులపాక కడుతుంటే, కాగితపు గుజ్జు, చింతగింజల జిగురు కలిపి ఒక గాడిదను చేసింది. చెడిపోయిన టేప్‌రికార్డరు మోటరును దాని మెడలో పెట్టింది. గాడిద తల ఊపింది. పిల్లలంతా ప్రార్థన వదిలేసి గాడిదనే చూశారు. దేవుని మందిరంలో కదిలే బొమ్మను పెట్టవచ్చా, పెట్టకూడదా అని సంఘపెద్దలు తర్జనభర్జన పడ్డారు. ఎవరికీ తేలలేదు. చివరకు గాడిదను ఉంచి, వైరు పీకేశారు. తనను మెచ్చుకున్నారో, తప్పుపట్టారో ఝాన్సీకి అర్థం కాలేదు.

పదో తరగతి అయ్యాక ఏసుదాసు రెండు దరఖాస్తులు తెచ్చాడు. ఒకటి డ్రాయింగు కోర్సుది, ఒకటి ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ది.

“యాదో ఒకటి రాయి పాపా. ఏది మంచిదో నాకు తెల్దు.”

“నాకూ తెల్దు నాయనా.”

ఐటీఐ గడువు ముందు ముగుస్తోంది కాబట్టి అదే రాసింది.

ఐటీఐ ముగిశాక హిందూపురం పక్కన ఒక బట్టల ఫ్యాక్టరీలో పని దొరికింది. ఎలక్ట్రీషియన్‌గా కాదు, ఆ పనికి మగపిల్లల్నే తీసుకుంటామన్నారు. చొక్కాలకు కాలర్లు కుట్టే వరసలో కూర్చోబెట్టారు. మిషన్ మొరాయిస్తే మెకానిక్ వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలి. ఝాన్సీకి అది చేతకాలేదు. అన్నం క్యారియరులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని పోయేది. ఏడాది తిరిగేసరికి పక్క వరసలవాళ్లు కూడా మెకానిక్‌ను వదిలి ఆమెనే పిలవసాగారు.

ఆ ఫ్యాక్టరీలో ఒక గదిలో ఎంబ్రాయిడరీ మిషన్ ఉండేది. కంప్యూటర్ తెరమీద ఒక పువ్వు గీస్తే, పక్కన పన్నెండు సూదులు ఆ పువ్వునే పన్నెండు గుడ్డలమీద కుట్టేవి. మొదటిసారి చూసిన రోజు ఝాన్సీ అన్నం తినే గంటంతా ఆ గది గుమ్మంలోనే నిలబడింది. నాయన అంగట్లో మోటరు వేరు, రసీదు వెనక గీత వేరు. ఇక్కడ ఆ రెండూ ఒకదాన్నొకటి ఎక్కడ పట్టుకున్నాయో ఆమెకు తెలియలేదు. తెలియని బాధకే ఆ గదిలోకి పని మార్పించుకుని, ఆరేళ్లు అందులోనే ఉంది.

ఈలోపు తిరుపాల్‌తో పెళ్లయింది. అతనిది లగేజీ బండి. చింతపండు మూటల నుంచి బీరువాల దాకా ఏదైనా తోలతాడు. ఇద్దరు ఆడపిల్లలు. కరోనా ఏడాది ఫ్యాక్టరీ మూతపడ్డాక ఝాన్సీ ఇంట్లోనే కుట్టుమిషన్లు బాగుచేయడం మొదలుపెట్టింది. ఒక టైలరు తన మిషన్ బాగుచేయించుకోవడానికి వచ్చి, అంగడి ముందు పెట్టడానికి మిషన్ తొక్కే బొమ్మ ఏదైనా చేసిస్తావా అని అడిగాడు. చేసిచ్చింది. దాన్ని చూసి బిరియాని హోటలువాళ్లు దండం పెట్టే బొమ్మ అడిగారు. అట్లా ఒకటొకటిగా మొదలైంది.

కారు అద్దాలు తుడిచే మోటర్లు పాతసామాను అంగట్లో దొరికేవి. వేళ్లు, మెడ కదిలించడానికి చిన్న మోటర్లు, వాటికి వరస చెప్పే అరచేతిలో సగమంత బోర్డు బెంగుళూరు నుంచి తెప్పించుకునేది. ముఖాన్ని ల్యాప్‌టాప్‌లో మట్టి పిసికినట్టు పిసకడం వీడియోలు చూసి నేర్చుకుంది. చెప్పేవాడి భాష ఆమెకు రాదు. బాణం గుర్తు తెరమీద ఎక్కడికి పోతే తానూ అక్కడికే పోయేది. ఆ ముఖాన్ని ప్లాస్టిక్‌లో అచ్చు తీయించి తెచ్చి, మెరుపు పోవడానికి పైన కాగితపు గుజ్జు పూసి, ఉప్పుకాగితంతో రుద్ది రంగు వేసేది.

రెండేళ్ల కిందట ధర్మవరం నుంచి చంద్రశేఖర్ అనే పట్టుచీరల అంగడి యజమాని వెతుక్కుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి. ముందుగదిలో నిలబడి మిషన్లను చూశాడు, బొమ్మలను చూశాడు, చివరకు ఝాన్సీని చూశాడు.

“మాయమ్మ పేరు గంగులమ్మ. నలభై ఏండ్లు మగ్గం గుంతలో కూచున్న మనిషి. పొయ్యి రెండేండ్లాయ. నా అంగడి అద్దం ఎనక ఆమె కూచోని నేస్తా ఉండల్ల. దేవుని పటం మాదిరి వద్దు తల్లీ. మనిషి మాదిరి కావల్ల.”

“ఫోటోలు ఉండాయా అన్నా?”

“రెండే. ఒకటి ఆధార్ కార్డుది.”

“కార్డులో ఎవురూ వాళ్ల మాదిరి ఉండరు కదన్నా.”

“అందుకే రెండోది తెచ్చినా.”

రెండోది ఎవరిదో పెళ్లిలో తీసింది. విస్తరి ముందు కూర్చుని గంగులమ్మ కిందికి చూస్తోంది. ముఖం సగమే కనబడుతోంది. ఆ సగాన్ని, కార్డులోని బిగుసుకుపోయిన ముఖాన్ని కలిపి ఝాన్సీ నెలరోజులు ల్యాప్‌టాప్‌లో పిసికింది. చంద్రశేఖర్‌కు ఫోనులో పంపితే ఒకసారి ‘ముక్కు ఆమెదే’ అనేవాడు, ఇంకోసారి అదే ముక్కును చూసి ‘ముక్కు కాదేమో’ అనేవాడు. చేతులకు నమూనా ఎక్కడా దొరక్క, ప్లాస్టరులో తన చేతులనే అచ్చు తీసింది. పైన ముడతలు, వేళ్ల సందుల్లో నూలు కోసిన గీతలు ఊహించి దిద్దింది.

“తల గంగులమ్మది, చేతులు నావి. ఇప్పుడు ఇది ఎవురబ్బా?” అని తిరుపాల్‌ను అడిగింది.

“తెలిసేదాకా బండిలో ఎక్కీయాల్నా వద్దా, అది చెప్పు” అన్నాడతను.

దసరాకు వారం ముందు బొమ్మను దుప్పటి కప్పి ధర్మవరం తీసుకుపోయారు. అంగడి అద్దం వెనక చిన్న మగ్గం, నిజమైన పడుగు. బొమ్మ కుడిచేయి తాడు లాగుతుంది, పోగు చుట్టిన నాడె ఇటునుంచి అటు పోతుంది, ఎడమచేయి పలకను దగ్గరికి లాక్కుని పోగు బిగిస్తుంది. తల పోగు వెంట కొద్దిగా తిరుగుతుంది. అంతే. ఝాన్సీ పెట్టింది అంతే. రెండు గంటలు నడిపి చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని ఇంటికి వచ్చేసింది.

నాలుగో రోజు చంద్రశేఖర్ ఫోన్ చేశాడు.

“ఝాన్సమ్మా, ఆ చెయ్యెత్తే సంగతి నీకు ఎవురు చెప్పినారు?”

“ఏ చెయ్యన్నా?”

“ఎడమచెయ్యి. నేస్తా నేస్తా నిలబెట్టి చెవి కాడికి తీసుకపోతాది. కమ్మ ఉండాదా లేదా అని తడుముకున్నెట్ల. మాయమ్మ అచ్చం అట్లే చేస్తాండె. నేను నీకు చెప్పనే లేదే.”

“నేను అట్లాంటిది ఏమీ పెట్టలేదన్నా.”

అతను నమ్మలేదు. గొప్పలు చెప్పుకోని మనిషి అనుకున్నాడు.

మరునాడు పొద్దున ఝాన్సీ రైలెక్కి ధర్మవరం పోయింది. అద్దం బయట పదిమంది దాకా నిలబడి ఉన్నారు. ఎక్కువమంది నేతపని చేసేవాళ్లే. లోపల కుర్చీలో పుష్పావతి అనే ముసలామె కూర్చుని ఉంది. గంగులమ్మతో ఒకే షెడ్డులో ఇరవై ఏళ్లు నేసిన మనిషి, ఆమెను బొమ్మ పెట్టిన మర్నాడే చంద్రశేఖర్ పిలిపించాడు, అప్పట్నుంచి రోజూ వస్తోంది. ఝాన్సీ అందరితోబాటు నిలబడి చూసింది. నాడె పోతోంది, వస్తోంది. ఉన్నట్టుండి బొమ్మ ఆగింది. ఎడమచేయి పైకి లేచి చెవి దగ్గర నిలిచింది. తల కూడా ఆ పక్కకు కొంచెం వాలింది. ఒక్క క్షణం. మళ్లీ చేయి దిగి పలక పట్టుకుంది.

“గంగులమ్మే” అంది పుష్పావతి. “కమ్మ చూసుకుంటాండాది.”

తాను చేసిన బొమ్మను చూసి తానే జడవడం ఝాన్సీకి అదే మొదలు.

ఆ మరునాడు అంగడి తెరవకముందే వచ్చి బొమ్మ వీపు మూత తీసింది. చక్రాలు చూసింది, తీగలు చూసింది. ల్యాప్‌టాప్ తగిలించి, తాను రాసిన వరసనంతా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది. చెవి దాకా చేయి లేవమని ఎక్కడా లేదు. గంటసేపు నడిపించింది. బొమ్మ వంచిన తల ఎత్తకుండా నేసింది, ఒక్కసారి కూడా చెవి ముట్టలేదు. పదిన్నరకు అంగడి తెరిచి జనం వచ్చాక బొమ్మ మళ్లీ చెయ్యెత్తడం మొదలుపెట్టింది.

“నువ్వు ఉంటే సిగ్గుపడతాందేమోమ్మా” అన్నాడు చంద్రశేఖర్, నవ్వకుండా.

తిరుగు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుని ఏమీ చూడలేదు. పోయినవాళ్లు బొమ్మల్లోకి వస్తారని ఆమె నమ్మదు. అది నమ్మకపోతే మరేది నమ్మాలో తోచలేదు. ఆ ఆదివారం చర్చిలో మోకరించి, ఏమని ప్రార్థించాలో తెలియక అట్లాగే లేచింది. బొమ్మ బాగుపడాలనా? అది చెడిపోయిందని ఎవరూ అనడం లేదు. చెడిపోకూడదనా? అది తాను చేసిన పని కాదు. ఫోన్లలో ఆ బొమ్మ వీడియో తిరుగుతోంది. చర్చి బయట ఇద్దరు ముగ్గురు ఆమెను ఆపి, ‘అంత బాగా ఎట్ల చేసినావు’ అని అడిగారు. ఆమె సమాధానం వెతుక్కుంటుంటే, చెప్పడం ఇష్టంలేదు కాబోలు అనుకుని పోయారు.

చివరకు నాయనకు ఫోన్ చేసింది. ఏసుదాసుకు ఇప్పుడు డెబ్బై. చూపు మందగించింది, అంగడికి పోవడం తగ్గించాడు. అంతా విని అడిగాడు.

“పొద్దన చెయ్యదు, అంగడి తెరిస్తే చేస్తాది. అంతే కదా?”

“అంతే నాయనా.”

“తెరిస్తే ఇంకా ఏమేం తిరుగుతాయి ఆడ?”

“అంటే?”

“మోటరు తప్పు చెయ్యదు పాపా. పక్కనోడు బోరు ఏస్తే మన లైటు ఆరిపోల్యా? ఓల్టేజి చూసినావా?”

ఈసారి ఝాన్సీ మీటరు తీసుకుని పోయింది. ఒక నోటుబుక్కులో, బొమ్మ చెయ్యెత్తినప్పుడల్లా సమయం రాసింది. పదకొండూ పది, పదకొండూ ఇరవైరెండు, పదకొండూ ముప్పైమూడు. మధ్యాహ్నానికి పేజీ నిండింది. అప్పుడు వినబడింది, వెనకగోడ మీద ఏసీ గుర్రుమని అందుకోవడం. అదే క్షణాన మీటరులో ముల్లు కిందికి పడి లేచింది. బొమ్మ చేయి చెవి దగ్గరికి పోయింది.

తరువాత అంతా తేటపడింది. ఏసీ అందుకున్నప్పుడు కరెంటు ఒక్క రెప్పపాటు సన్నబడుతోంది. బొమ్మలోని బోర్డు ఆరి, మళ్లీ మేలుకుంటోంది. మేలుకోగానే చిన్న మోటర్లన్నీ మొదటి చోటికి పోతాయి. బొమ్మను మగ్గంలో కూర్చోబెట్టేటప్పుడు పలకకు తగలకూడదని ఎడమచేతి మొదటి చోటును తానే పైన పెట్టింది. తలను ఎడమకు వాల్చి పెట్టింది కూడా తానే, మెడ స్క్రూ బిగించడానికి వీలుగా. ఇంట్లో చేతులు ఒకరోజు, తల ఒకరోజు విడివిడిగా చూసుకుంది. అంగట్లో నడిపిన రోజు ఏసీ వేయలేదు, స్విచ్ వేసేటప్పుడు ఆమె బొమ్మ వీపు వెనకే ఉంది. రెండూ కలిస్తే ఒక ఆడమనిషి చెవికమ్మ తడుముకున్నట్టు ఉంటుందని ఆమె ఒక్కసారైనా చూడలేదు.

కారణం దొరికింది కదా, మనసు తేలిక కావాలి. కాలేదు. ఎందుకు చేసిందో తెలిసింది గానీ, అది గంగులమ్మ అలవాటుకు ఎట్లా సరిపోయిందో తెలియలేదు.

దాచడం ఇష్టంలేక చంద్రశేఖర్‌కు అన్నీ చెప్పింది. ఏసీ ఆపి చూపించింది, వేసి చూపించింది. అతను కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

“కరెంటా?”

“కరెంటే అన్నా. ఒక చిన్న సామాను తగిలిస్తే చెయ్యెత్తేది నిలబడిపోతాది. తగిలియ్యల్నా?”

“వద్దు” అన్నాడు. మళ్లీ తనే, “ఏమో తల్లీ. రెండు దినాలు ఆలోచన చేసుకోనీ” అన్నాడు.

ఆ రెండు రోజుల్లోనే అతని అక్క హేమావతి వచ్చింది. పెనుకొండలో సర్కారు బడిలో టీచరు. వీడియో ఫోనులో చూసి, సెలవు పెట్టి మరీ వచ్చింది. బొమ్మ ముందు అరగంట నిలబడి, మూడుసార్లు చేయి లేవడం చూసి, తమ్ముడి వైపు తిరిగింది.

“అమ్మ అట్ల చేసేదే లేదు.”

“చేస్తాండె అక్కా. నాకు బాగా గుర్తు.”

“నీకేం గుర్తు. నువ్వు సైకిలేసుకోని చీరలు మోస్తా ఊర్లు తిరుగుతాంటివి. ఆమె పక్కన కండెలు చుట్టింది నేను. అసలు అమ్మకు కమ్మలు యాడివి? నా పెండ్లికి అమ్మేసె కదా.”

“మళ్ల చేయించుకుండె.”

“నాకు తెల్దే.”

“నువ్వు అత్తగారింటికి పోతివి. నీకెట్ల తెలుస్తాది.”

అంగట్లో చీరలు చూస్తున్నవాళ్లు చేతిలోని చీర చేతిలోనే పట్టుకుని వింటున్నారు. ఫోను చేసి పిలిపిస్తే వచ్చిన ఝాన్సీ ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. హేమావతి ఆమెను అడిగింది.

“నువ్వేమ్మా బొమ్మల ఆమె? ఎవుర్ని అడిగి పెట్టినావు ఆ చెయ్యి?”

“నేను పెట్టలేదక్కా. అదే వచ్చింది.”

“అదే ఎట్ల వస్తాది?”

“ఏసీతో.”

హేమావతి ఆమెను ఎగాదిగా చూసింది. తమ్ముడు అడ్డుపడి సర్దిచెప్పాడు. అక్క తీసేయమంది, తమ్ముడు ఉంచమన్నాడు. మీరిద్దరూ ఒకమాట మీద ఉంటే అట్లే చేస్తానని ఝాన్సీ అంది. ఒకమాట మీద ఉండే లక్షణాలేవీ ఆ ఇద్దరిలో ఆమెకు కనబడలేదు.

గంగులమ్మను దగ్గరగా చూసి బతికి ఉన్న మనిషి ఇంకొకరే. ఝాన్సీ ఆ మధ్యాహ్నం పుష్పావతి ఇల్లు వెతుక్కుంటూ పోయింది. ముందు వసారాలోనే మగ్గం, కాళ్లు దించి కూర్చునే గుంత. కోడలు నేస్తోంది. ముసలామె గోడకు ఆనుకుని వక్కాకు నములుతోంది.

“అవ్వా, గంగులమ్మ ఎట్ల కూచుంటాండె, ఎట్ల నేస్తాండె, ఒక్కసారి చూపిస్తావా?”

“నేను గుంతలో దిగి ఐదేండ్లాయ పాపా. మోకాళ్లు వంగవు.”

అని ఊరుకోలేదు. కోడల్ని లేపి, ఆమె భుజం పట్టుకుని నెమ్మదిగా దిగి కూర్చుంది. తాడు పట్టుకోగానే ముసలామె వీపు నిటారైంది. టకాటకా నాడె కదిలింది. “గంగులమ్మ ఇట్ల, కొంచెం కుడికి ఒరిగి కూచుంటాండె. పలక గట్టిగా కొట్టేది కాదు. రెండుతూర్లు మెత్తగా” అని చెబుతూ చెబుతూ మాటలు మానేసి నేతలో పడిపోయింది. పది పోగులు పోయాయో లేదో, ఆమె ఎడమచేయి పలక వదిలి పైకి లేచింది. చెవికమ్మను వేలితో తడిమింది. మళ్లీ పలక పట్టుకుంది.

ఝాన్సీ చూస్తూనే ఉంది. ఇంకో పది పోగులకు మళ్లీ.

“అవ్వా, ఇప్పుడు ఏం చేస్తివి?”

“ఏం చేస్తి? నేస్తాండా.”

“చెవి కాడికి చెయ్యి ఏంటికి పొయ్యె?”

“నా చెయ్యా?” పుష్పావతి తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“నువ్వు ఎప్పుడూ అంతే కదత్తా” అంది కోడలు. “నేను కాపురానికి వచ్చినప్పట్నుంచి చూస్తాండా. ఒకతూరి గుంతలో కమ్మ పడిపొయ్యిందంట కదా, అప్పట్నుంచి అని మామ చెప్తాండె.”

ముసలామె మగ్గం మీద చేతులు పెట్టి కదలకుండా కూర్చుంది. అవును, కమ్మ పడిపోయింది. మూడురోజులు మట్టి జల్లించారు. దొరికింది. అది గుర్తుంది.

“అయితే గంగులమ్మ చేసింది?” అంది తనలో తానే. “నా కండ్లతో చూస్తి పాపా. ఎదురుబొదురుగా కూచుంటిమి ఇరవై ఏండ్లు. ఆమె చెయ్యెత్తేది, నేను నవ్వేదాన్ని. లేకపోతే నేనెత్తితే ఆమె నవ్వేదా?”

ఝాన్సీ ఆమె పక్కన గుంత అంచున కూర్చుంది.

“ఆమెను చూసి నాకు వచ్చినాదో, నన్ను చూసి ఆమెకు వచ్చినాదో” అంది పుష్పావతి. “ఇప్పుడు ఎవుర్ని అడగల్ల. పదిమందిలో అది గంగులమ్మేనని గట్టిగా చెప్పి వస్తిని కదే.”

ఆమెను గుంతలోంచి పైకి లేపడానికి ఇద్దరూ పట్టుకోవలసి వచ్చింది. చేయి వదిలాక కూడా ముసలామె తన చేతినే చూసుకుంటూ ఉంది. ఇటువంటి మాట అడిగి తాను తప్పు చేశానేమోనని ఝాన్సీకి అనిపించింది.

తిరిగి అంగడికి వచ్చి అక్కాతమ్ముళ్లకు జరిగింది చెప్పింది. హేమావతి గెలిచినట్టు మాట్లాడలేదు. “నా పెండ్లి అయినంక ఇరవై ఏండ్లు నేసినాదిలే. అప్పుడు ఏం నేర్చుకునిందో నేను యాడ చూస్తి” అంది. తమ్ముడు వెంటనే, “నేను మాత్రం చూస్తినా? పుష్పావతవ్వ చూసి చెప్పినాక నాకు గుర్తొచ్చెనేమో” అన్నాడు. పొద్దున గట్టిగా పోట్లాడినవాళ్లు సాయంత్రానికి ఒకరి మాట ఒకరు ఒప్పుకోబోయి, మళ్లీ రెండు పక్కలా నిలబడిపోయారు.

ఝాన్సీకి మెకానిక్ పద్ధతే తోచింది. కరెంటు సన్నబడినా బోర్డు ఆరకుండా ఉండే చిన్న సామాను తెచ్చి తగిలించింది. దానికి ఒక స్విచ్ పెట్టింది. ఒకవైపు వేస్తే బొమ్మ ఆగకుండా నేస్తుంది. ఇంకోవైపు వేస్తే ముందు మాదిరే ఏసీ అందుకున్నప్పుడల్లా చేయి లేస్తుంది. స్విచ్‌ను మగ్గం కింద, బయటివాళ్లకు కనబడని చోట బిగించింది.

“మీకు ఎట్ల కావల్నంటే అట్ల ఏసుకోండి” అని చెప్పి వచ్చేసింది. ఆ పని సరైనదో కాదో ఆమెకు తేలలేదు. ఒక మనిషి అలవాటుకు స్విచ్ పెట్టానన్న ఆలోచన రైల్లో పెనుకొండ దాటేదాకా ఆమెను వదల్లేదు.

ఆ తర్వాత ఆమెకు పనులు పెరిగాయి. అమరాపురం నుంచి, రొళ్ల నుంచి కూడా వచ్చారు. వచ్చినవాళ్లలో కొందరు, ‘ధర్మవరం బొమ్మ మాదిరి, మా తాత బొమ్మకు కూడా అట్లాంటిది ఒకటి రావల్ల’ అని అడిగేవారు. ఏమి అని అడిగితే వాళ్లకూ తెలియదు. ఒక హోటలుకు టీ తిరగబోసే మనిషిని చేసింది. కావాలనే ఒకచోట చేతిని ఆపి, మీసం దువ్వేలా వరస రాసింది. బాగానే దువ్వాడు. చూసినవాళ్లు నవ్వారు. అది తాను పెట్టింది కాబట్టి అక్కడ ఉంది, అంతకు మించి ఏమీ లేదని ఆమెకు తెలిసిపోతోంది. రెండురోజులు చూసి ఆ వరస తీసేసింది. ఎందుకు తీశావని తిరుపాల్ అడిగితే, “బాగా వచ్చింది, అందుకే” అంది. ఆ మాట అతనికి అర్థం కాలేదు, అన్నాక ఆమెకూ కాలేదు.

మొన్న ఎండాకాలంలో గ్రీజు పెట్టడానికి ధర్మవరం పోయింది. చంద్రశేఖర్ ఊళ్లో లేడు. బడికి సెలవులు కాబట్టి హేమావతి అంగట్లో కూర్చుని ఉంది, కుర్చీని బొమ్మకు ఎదురుగా వేసుకుని. బొమ్మ నేస్తోంది. ఏసీ అందుకుంది. చేయి లేచి చెవి తడిమి దిగింది.

“నేనే ఏసినా స్విచ్చి” అంది హేమావతి, అడగకముందే. “మాయమ్మ అట్ల చేసేదని కాదు. చూస్తా చూస్తా ఉంటే అలవాటాయ. ఇప్పుడేమో కండ్లు మూసుకుంటే ఆమె ఈ మాదిరే కనపడతాది. అంతకుముందు ఎట్ల కనపడేదో గుర్తు చేసుకుందామంటే రాలేదు.”

ఝాన్సీ గ్రీజు డబ్బా కింద పెట్టింది.

“నువ్వు మాయమ్మను తెచ్చిచ్చినావో, ఉండేదాన్ని తుడిచేసినావో నాకు తెలీలేదు ఝాన్సీ.”

“తప్పాయనా అక్కా?”

“అదే చెప్తాండా కదా. తెల్దు.”

హేమావతి లేచి దగ్గరికి వచ్చింది. లోపల ఎట్లా ఉంటుందో ఒకసారి చూపించమంది. ఝాన్సీ బొమ్మను ఆపి, వీపు మీది మూత విప్పింది. లోపల కుట్టుమిషన్ చక్రాలు, సైకిలు గొలుసు ముక్క, రంగురంగుల తీగలు, దుమ్ము. హేమావతి కళ్లద్దాలు సరిచేసుకుని వంగి చాలాసేపు చూసింది.

“ఆ చెయ్యెత్తేది యాడుండాది ఇందులో?”

ఝాన్సీ బోర్డు మీద వేలు పెట్టింది. అక్కడినుంచి తీగ వెంట భుజం దాకా పోయింది. భుజం దగ్గర మోటరు చూపింది. మళ్లీ బోర్డు దగ్గరికి వచ్చింది.

“ఇదీ అని చూపిచ్చేదానికి లేదక్కా” అంది.

హేమావతి తల ఊపి కుర్చీలోకి పోయి కూర్చుంది. కాఫీ తెప్పించింది. ఝాన్సీ చక్రాలకు గ్రీజు పెట్టి, దుమ్ము తుడిచి, గొలుసు బిగించి మూత పెట్టింది. నాలుగు స్క్రూల్లో ఒకటి ఎక్కడో పడిపోయింది, మగ్గం కింద వెతికినా దొరకలేదు. ఉన్న మూడూ బిగించి, కాఫీ తాగి, మధ్యాహ్నం రైలుకు స్టేషను దారి పట్టింది.